పక్కవాడి గాలి

నేను కళ్ళజోళ్ళ షాపు నడుపుతాను. "ఇది బావుందా, అది బావుందా?" అని అద్దాలు మార్చి మార్చి అడిగి, ఎదుటివాళ్ళు సరేనన్నాకే కళ్ళజోడు చేసిస్తాను. అలాంటివాణ్ణి, డైవింగ్ సామాన్ల షాపులో అడుగు పెట్టేసరికి, ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయ్యాను.

నాతోపాటు మా బావమరిది వచ్చాడు. బేకరీలో పనిచేస్తాడు. చిన్నప్పుడు నీళ్ళు కనిపిస్తే గట్టు వదిలేవాడు కాదట, అందుకని ఇంట్లో వాడి పేరే గట్టు. ఆ పేరు పెట్టింది వాళ్ళక్క, అంటే మా ఆవిడ. ఊరంతా చాటింది మాత్రం నేనే. అలాంటివాడు ముప్ఫై దాటాక నాతో కలిసి స్కూబా డైవింగ్ నేర్చుకుంటానన్నాడు. కోచ్ మా ఇద్దర్నీ జోడీ కట్టాడు. నీళ్ళ కింద జోడీ అంటే ఒకడి ప్రాణానికి ఇంకొకడు పూచీ.

ఆ రోజు నేను సొంతంగా రెగ్యులేటర్ కొనుక్కోవాలి. వీపు మీది సిలిండర్లోంచి నోటికి గాలి అందించేది అదే. అందులో నోట్లో పెట్టుకునేవి రెండుంటాయి. నల్లది మనకి. పొడుగు గొట్టం ఉన్న పసుపుపచ్చది జోడీకి. వాడి సిలిండర్లో గాలి అయిపోతే అది అందుకుని మన గాలి పీలుస్తాడు. మామూలుగా దాంతో మనకి పనుండదు.

షాపావిడ నల్లవి ఒక్కొక్కటే సిలిండర్‌కి తగిలించి ఇచ్చింది. కొత్తల్లుడు పిండివంటలకి వంకలు పెట్టినట్టు అన్నింటికీ వంకలు పెట్టాను. చివరిది నోట్లో పెట్టుకుంటే గాలి అడక్కుండానే వచ్చి పడింది. అదే ఖాయం చేశాను. దానికి జతగా అంత మంచి పసుపుదీ ఉంది. కానీ అప్పటికే నా కళ్ళు అద్దాల బీరువాలో ఉన్న డైవింగ్ వాచీ మీద పడ్డాయి. ఆ పసుపుదీ వాచీ రెండూ కొనే స్తోమత లేదన్నాను.

"అయితే ఈ పాత రకం ఉందండీ," అని షాపావిడ ఒక ట్రేలోంచి ఇంకో పసుపుది తీసింది. "పనిచేస్తుంది కానీ కాస్త బిగువుగా లాగుతుంది. మీ జోడీ పీల్చేది కదా, ఒకసారి పీల్చి చూడండి."

"అవసరం పడేది ఎప్పుడోలెండి. పనిచేస్తే చాలు," అన్నాను, వాచీ చేతికి పెట్టి చూసుకుంటూ.

"అదిరింది బావా!" అన్నాడు గట్టు వెనకనుంచి.

అది పీల్చేది వీడేనన్న సంగతి నాకప్పుడు తట్టలేదని చెప్పను. తట్టింది. తట్టినా, వాచీ బావుంది.

ఆదివారం లోతు కొలనులో కోచ్ ఒక అభ్యాసం పెట్టాడు. అడుగున ఉండగా గట్టు గొంతు మీద చెయ్యి అడ్డంగా ఆడించాలి, అంటే గాలి అయిపోయిందని. నేను పసుపుది అందించాలి. వాడు సైగ చేశాడు, నేను అందించాను. వాడు నోట్లో పెట్టుకుని పీల్చాడు. బుగ్గలు లోపలికి పోయాయి. ముసుగు అద్దం వెనక కళ్ళు ఇంతింతయ్యాయి. మళ్ళీ పీల్చి, నా భుజం పట్టీ రెండు చేతులతో గుంజాడు. కోచ్ ఒక చేత్తో వాణ్ణి పట్టుకుని మా ఇద్దర్నీ మెల్లగా పైకి తెచ్చాడు.

వాడు అంచు కరుచుకుని దగ్గుతుంటే కోచ్ అడిగాడు, "గాలి వచ్చిందా?"

"వచ్చింది సార్. నాకే పీల్చడం చేతకాలేదు."

"కంగారుపడితే అంతే. పరవాలేదు."

వాళ్ళిద్దరూ టీకి వెళ్ళాక, బట్టలు మార్చుకునే గదిలో, ఆ పసుపుది మొదటిసారి నా నోట్లో పెట్టుకున్నాను. తాళం వేసిన తలుపు లాగినట్టుంది. లాగగా లాగగా రవ్వంత గాలి. నాలుగు గుక్కలకే రొమ్ము నొప్పెట్టింది. పొడినేల మీద, నా అంతట నేను నిలబడి పీలిస్తేనే ఇలా ఉంది. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా టీ దగ్గరకెళ్ళి, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని టీ తాగాను.

సాయంత్రం గట్టు మా ఇంట్లోనే భోంచేశాడు. కంచంలో చెయ్యి పెట్టి కదపకుండా కూర్చున్నాడు.

"ఇంక నేను దిగనక్కా. నాకు నీళ్ళు పడవు. నాలాంటి పిరికివాడు పక్కనుంటే బావ ప్రాణానికీ ముప్పే."

"పిరికేంట్రా, ఇంత నేర్చుకుని!" అంది మా ఆవిడ. నా వైపు తిరిగింది. "నువ్వేం మాట్లాడవేం? వాడికి కాస్త ధైర్యం చెప్పు."

ధైర్యం చెప్పేసి తప్పించుకోవచ్చు. అదే చెయ్యాలనిపించింది కూడా. కానీ నా ప్రాణం గురించి బెంగపడుతున్న ఆ మొహం చూస్తూ చెయ్యలేకపోయాను.

"లోపం నీలో లేదురా. ఆ పసుపుది మంచిది కాదు. షాపావిడ పీల్చి చూడమంటే నేను చూళ్ళేదు. నాకు మంచిది కొనుక్కున్నాను. నీకోసం అది తీసుకున్నాను."

గట్టు మొహం వెలిగిపోయింది. "నిజంగానా బావా? అయితే నేను భయపడలేదన్నమాట!" ఎంగిలిచేత్తోనే లేచి నన్ను కావిలించుకున్నాడు. "విన్నావా అక్కా? నా తప్పు కాదట!"

తిట్టినా బావుండేది. నా కాలరు పట్టుకున్నా బావుండేది. వాడు సంతోషపడుతున్నాడు, నేను తల దించుకుని ఆ సంతోషాన్ని భరిస్తున్నాను.

మా ఆవిడ గరిటె గిన్నెలో పెట్టేసింది.

"మళ్ళీ దిగుతావా?" అని తమ్ముణ్ణి అడిగింది.

"దిగుతానక్కా! ఎందుకు దిగను?"

"దిగు. కోచ్‌తో చెప్పి వేరే జోడీని చూసుకో."

వాడి నవ్వు సగంలో ఆగింది. "అదేంటక్కా, బావ ఉండగా..." అంటూ నా వైపు చూశాడు. నేను కాదంటానేమోనని చూశాడు. నేను కంచంలో అన్నం కలుపుకున్నాను. వాడు కాసేపు నన్నే చూశాడు, నేను ఇందాక చెప్పింది ఇప్పుడు వినపడినట్టు.

తర్వాత చెయ్యి కడుక్కొచ్చి, ఫోన్ తీసి, కోచ్ నంబరు వెతకడం మొదలుపెట్టాడు.