మట్టయ్య నెత్తికి నీలిమందు

మట్టయ్య ఇస్త్రీపెట్టె ఎత్తి, చెంప దగ్గరికి తెచ్చి వేడి చూసుకుని, తెల్లచొక్కా కాలరు మీద ఆనించాడు. నీళ్లు చిలకరించిన బట్ట చుయ్యిమంది. కొత్తపేట రైతుబజారు వెనక సందులో, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఆయన బండి. బొగ్గుల పెట్టె మోసీ మోసీ కుడిభుజం ఎడమదానికంటే కిందికి జారింది. ముంజేతుల మీద కాలిన మచ్చలు చిల్లరపైసల్లా ఉంటాయి. బక్కమనిషి, లోపలికి పోయిన దవడలు, నుదుటి మీద దున్నినట్టు ముడతలు. వాటన్నిటిపైన నిగనిగలాడే నల్లజుట్టు. ముఖానికి అరవై దాటాయి గానీ జుట్టుకు ఇరవై నిండలేదు.

పెళ్లయిన కొత్తలోనే తల నెరిసిందట. అప్పటి నుంచి ఆదివారం ఆదివారం ఆయన పూసుకున్న నల్లరంగంతా పోగేస్తే దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డు వేయవచ్చునని సందులోవాళ్లు చెప్పుకుంటారు. అది శుద్ధ అబద్ధం. చైతన్యపురి దగ్గర కొంచెం తక్కువపడుతుంది.

రంగుతో వయసు దాగింది, దాంతోపాటు పెద్దరికమూ దాగింది. తమ్ముడు రామచంద్రానికి చంపాపేట్‌లో కిరాణా దుకాణం. నలభైకే తల ముగ్గుబుట్ట అయింది. కులంలో ఏ పంచాయితీ వచ్చినా ఆయననే కుర్చీ వేసి కూర్చోబెడతారు. మట్టయ్య నోరు తెరిస్తే చాలు, "నువ్వు జరాగు తమ్మీ, పెద్దోళ్లు మాట్లాడుతున్నరు" అని ఎవరో ఒకరు అంటారు. అన్నవాడు ఒక్కోసారి మట్టయ్య ఎత్తుకుని తిప్పినవాడే అయి ఉంటాడు.

నిన్న రామచంద్రం కూతురు పల్లవి బండి దగ్గరికి వచ్చింది. నర్సింగు ఆఖరి ఏడాది చదువుతోంది. మీర్‌పేట్ సంబంధంవాళ్లు ఈ రోజు సాయంత్రం మాటముచ్చటకు వస్తున్నారు.

"పెదబాపూ, పిలగాడు మంచోడే. గని ఈ నెలల్నే లగ్గమంటున్నరు. పరీక్షలు పోతయి. జర నువ్వు చెప్పవా?"

"నా మాట ఎవడింటడు బిడ్డా?"

"ఎందుకినరు? ఇంటికి పెద్దోనివి కదా!"

ఆ మాట ఆయనతో అంతకుముందు ఎవరూ అనలేదు. రాత్రంతా దాన్ని నెమరేశాడు. పెద్దమనిషి కావాలంటే నల్లరంగు పోవాలి. గుండు గీయించుకుందామంటే, శుభకార్యానికి గుండుతో పోతే ఎవరు పోయారని అడుగుతారు. రంగు మాని ఊరుకుంటే, తెల్లబడేలోగా పల్లవికి పిల్లలు పుడతారు.

అందుకే ఈ రోజు మధ్యాహ్నానికే బొగ్గులు ఆర్పి, దిల్‌సుఖ్‌నగర్ ఫ్యాన్సీ దుకాణంలో జుట్టు నలుపు విరగ్గొట్టే బ్లీచింగ్ పొడి, దాన్లో కలిపే సీసా కొని ఇంటికి పోయాడు. ఆయన భార్య అండాలమ్మ చేతులకు పాలిథిన్ కవర్లు తొడుక్కుని, ఫోనులో వీడియో చూస్తూ, పొడిని దోసెపిండిలా కలిపి పాత బ్రష్షుతో తలంతా పట్టించింది.

"మండుతున్నదా?"

"లే."

"మరి కండ్లల్ల నీళ్లేంది?"

"పిల్ల లగ్గం యాదికొచ్చింది."

కడిగాక చూస్తే తల తెల్లబడలేదు. పండ్ల మార్కెట్టు కొత్తపేట నుంచి తరలిపోయినప్పుడు ఒక్క కమలాపండు మరిచిపోయి, అది మట్టయ్య నెత్తి మీద మిగిలిపోయినట్టుంది. అండాలమ్మ పల్లవికి ఫోను చేసింది.

"రంగేసిన జుట్టు గట్లనే అయితది పెద్దమ్మా. ఇప్పుడు టోనర్ పెట్టాలె. ఊదారంగుల ఉంటది, పసుపును ఇరగ్గొడ్తది."

పక్కనుంచి విన్న మట్టయ్య ముఖం వెలిగిపోయింది. "ఓస్, గింతేనా! నీలిమందే గదా!"

పసుపెక్కిన పంచెలకు నీలిమందు పెట్టి మల్లెపూలు చేసిన చేయి అది. అండాలమ్మ పొయ్యి మీది చాయ్ చూడడానికి లోపలికి పోయింది. చొక్కాలకైతే బకెట్టుకు రెండు చుక్కలు చాలు. నెత్తి చొక్కా కంటే మొండిదని సగం సీసా బకెట్లో వంచి తల ముంచాడు. తీశాక చేయి తన అలవాటు తాను మరవలేదు. నీలిమందు తరువాత గంజి. పక్కనే ఉన్న గంజి గిన్నెలోనూ ఒక మునక వేశాడు.

చాయ్ గ్లాసుతో వచ్చిన అండాలమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. జుట్టు నిటారుగా నిలబడి, నీలంగా, గట్టిగా ఆరిపోతోంది.

"ఇగ ఇస్త్రీ ఒక్కటే తక్కువ!"

"తెల్లగున్నది గదనే."

"ఆకాశం గూడ తెల్లగనే ఉంటదా? రుమాలన్న కట్టుకో."

కట్టుకుంటే ఇంత చేసింది ఎందుకని ఆయన వినలేదు. ఆటో ఎక్కారు. ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర పక్క బస్సు కిటికీల్లోంచి తలలన్నీ బయటికి వచ్చాయి. పచ్చలైటు పడ్డా డ్రైవరు బస్సు కదిలించలేదట. అండాలమ్మ మాట నమ్మితే, నమ్మండి.

రామచంద్రం ఇంట్లో హాలు నిండుగా ఉంది. "నెలాఖరుకే పెట్టుకుందాం" అంటున్నాడు పిల్లవాడి తండ్రి బాల్‌రాజ్. రామచంద్రం తల ఊపబోతున్నాడు. అప్పుడు మట్టయ్య లోపలికి వచ్చాడు.

హాలు గప్‌చుప్ అయింది. నోరు తెరిస్తే నవ్వు బయటపడుతుందని ఒక్కరూ తెరవలేదు. తన కోసం ఇంతమంది నోరు మూసుకోవడం మట్టయ్య పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మర్యాదే అనుకుని నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

"పిల్ల సదువు ఆఖరుకొచ్చింది. పరీక్షలు కానియ్యుండ్రి. కొలువుతోని మీ ఇంట్ల అడుగువెడ్తది. లగ్గం ఎండకాలంల వెట్టుకుందం."

రామచంద్రం అడ్డుపడబోయాడు గానీ మాటకు బదులు నవ్వు తన్నుకొచ్చి, కండువా నోట్లో కుక్కుకుని దగ్గాడు. పిల్లవాడి నాయనమ్మ ఐలమ్మ మాత్రం కళ్లజోడు సర్దుకుని చూసింది.

"ఏమయా, నెత్తికేమాయె?"

"తెలుపు చేసుకున్ననమ్మా. నల్లగుంటే నా మాట ఎవ్వలింటలేరు."

ఐలమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. హాలంతా నవ్వింది. ఏం జరిగిందో తెలియక మట్టయ్యా నవ్వాడు. ఐలమ్మ కళ్లు తుడుచుకుని కొడుకు వైపు తిరిగింది.

"పిల్ల కోసం నెత్తి కాల్చుకున్నోని మాట తీసేస్తే పాపం తగుల్తది బాల్‌రాజూ. ఎండకాలమే ఖాయం."

పిల్లవైపు పెద్దమనిషికని తెచ్చిన కొత్త తువ్వాలను సంచిలోంచి తీసి, రామచంద్రాన్ని దాటుకుని పోయి, మట్టయ్య భుజాల చుట్టూ కప్పింది.

భోజనాలయ్యాక ఆయన వరండాలో కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. పల్లవి సేమ్యా పాయసం గ్లాసు చేతికిచ్చింది.

"పెదబాపూ, నీ మాటే ఇన్నరు!"

"ఇనరా మరి? పెద్దోన్ని." పాయసం సగం తాగి గ్లాసు కింద పెట్టాడు. "జరసేపు కన్ను మూస్త బిడ్డా. మీ పెద్దమ్మ పోదామంటే లేపు."

అండాలమ్మ పోదామంది. పల్లవి లేపింది. తరువాత రామచంద్రం లేపాడు, "అన్నా, అన్నా" అని, వీధికి వినబడేంత గట్టిగా. పల్లవి నాడి పట్టి చూసి, ఆ చేతిని మెల్లగా ఆయన ఒళ్లో పెట్టేసింది. మట్టయ్య లేవలేదు.

ఆయనను తీసుకుపోయాక కుర్చీ అక్కడే ఉండిపోయింది. దాని వీపు మీద కొత్త తువ్వాల వేలాడుతోంది. దుకాణంవాడు వేసిన మడతల గీతలు ఇంకా పోలేదు. మెడ ఆనిన చోట మాత్రం అరచేయంత మేర, వానాకాలం ఆకాశంలా, నీలం.