నాలుగో వార్డు ఆడవాళ్లు

శ్రీసుధకి పీహెచ్‌డీలో అది మూడో ఏడు. పంచాయతీ ఎన్నికల్లో సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఓట్లు ఎందుకు తక్కువ పడుతున్నాయన్నది ఆమె పరిశోధన. వార్డులవారీ లెక్కల కోసం సమాచార హక్కు దరఖాస్తులు పెట్టి, రాజమండ్రి నుంచి బస్సుల్లో తిరిగి, మండల ఆఫీసుల్లో బల్లల ముందు నిలబడి రెండేళ్లు గడిపింది. మొగల్తూరు దాటాక ఉన్న ఒక ఊళ్లో, నాలుగో వార్డు దగ్గర ఆమె పని ఆగిపోయింది. అక్కడ మగవాళ్లు నూటికి ఎనభైమంది ఓటేశారు. ఆడవాళ్లు ముప్పైమంది కూడా వెయ్యలేదు. 'అవగాహన లోపం' అని రాసుకుంది గానీ ఆ మాట ఆమెకే నచ్చలేదు.

ఆ ఏడే వీరవేణి శ్రీసుధ గైడు దగ్గరే పరిశోధనకి చేరింది. మత్స్యకారుల ఇంటి పిల్ల. తొలిరోజే "శ్రీసుధక్కా" అంటూ వచ్చి పక్కన కూర్చుంది. శ్రీసుధ ఆమెకి తన ఫైళ్లన్నీ చూపించింది. నాలుగో వార్డుకి వెంటబెట్టుకుని వెళ్లింది.

అక్కడ శ్రీసుధకి కుర్చీ వేశారు. "ఓటెందుకు వెయ్యలేదండీ?" అని అడిగితే, "ఏదో అలా అయిపోయిందండి" అన్నారు. వీరవేణి మాత్రం చేపలు ఆరబెడుతున్నవాళ్ల పక్కన గొంతుక్కూర్చుని మాట్లాడింది. గంట తర్వాత లేచి వచ్చింది.

"అక్కా, తెల్లారకుండానే ఒడ్డున చేపల వేలంపాట అయిపోద్ది. ఐదింటికి గంపలెత్తుకుని ఆటోల్లో భీమవరం పోతారు. అమ్ముకుని వచ్చేసరికి నాలుగు దాటుద్ది. ఆ రోజు పోలింగ్ ఆరున్నరకి మొదలెట్టి మూడున్నరకే ఆపేశారు కదా. వేట నుంచి వచ్చిన మగాళ్లు ఇంటి దగ్గరే ఉంటారు, వేసేశారు."

పోలింగ్ వేళల నోటీసు శ్రీసుధ ఫైల్లో రెండేళ్లుగా ఉంది.

తిరుగు బస్సులో వీరవేణి గొంతు తగ్గించింది. "ఎక్కువ మాట్లాడిన నూకరత్నం మా సొంత పిన్నే అక్కా. సార్‌కి చెప్పకండి, బాగోదేమో."

గైడు శశిభూషణ్ గారు విని కుర్చీలోంచి లేచారు. "ఇదమ్మా పరిశోధనంటే! విశాఖ సదస్సులో నువ్వే మాట్లాడాలి" అన్నారు వీరవేణితో. ఆ పిలుపు కోసమే శ్రీసుధ రెండేళ్లుగా ఎదురుచూస్తోంది. నవ్వింది. ఆ నవ్వు మొహం మీద ఎంతసేపు నిలపాలో తెలియలేదు.

ఆ రోజు నుంచి వీరవేణి చెప్పుల చప్పుడు వినబడినా ఆమెకి ఒళ్లు మండేది. ఆ పిల్ల చదివి సాధించింది కాదు, ఆ ఇళ్లలో పుట్టింది కాబట్టి దొరికిందని తనకి తాను వాదించుకునేది. అన్నం సయించేది కాదు. మూడోరోజు గైడు గదిలోకి వెళ్లింది.

"మీకు తెలియాలని చెప్తున్నాను సార్. ఆ నూకరత్నం వీరవేణికి పిన్ని అవుతుంది."

ఆయన మొహం మారిపోయింది. "ఆ సంగతి ఎక్కడా రాయలేదే! చుట్టాల మాటే ఆధారమంటే ఎవరు నమ్ముతారు? సరే, సదస్సు మాట తర్వాత చూద్దాం. నువ్వే వెళ్లి సరిచూసి రా."

అబద్ధమని తేలాలని కోరుకుంటూనే శ్రీసుధ బయల్దేరింది. సాయంత్రం నూకరత్నం ఆమెని చూసి నీళ్లిచ్చింది.

"మీరేనా అమ్మా! మా వేణి ఎప్పుడూ మీ మాటేనండి. ఆ లెక్కలన్నీ మీరు తెచ్చినవేనంట కదా."

శ్రీసుధ సగం తాగిన గ్లాసు కింద పెట్టి లేచింది. రాత్రి నరసాపురంలో స్నేహితురాలి ఇంట్లో ఉండి, ఐదింటికల్లా మళ్లీ వచ్చి గంపల మధ్య ఆటోలో కూర్చుంది.

"ఓట్ల రోజు ఒక్కరోజు మానెయ్యొచ్చు కదండీ?"

"చేప ఆగదు కదమ్మా" అంది నూకరత్నం.

వీధి వీధి తిరిగి ఊరు చేరేసరికి నాలుగూ పది. ఏ చుట్టరికమూ లేని పదకొండుమందిని అడిగింది. అందరూ అదే చెప్పారు.

ఇంకా మాట మార్చే వీలుంది. 'ఖచ్చితంగా తేల్చలేం' అని రాస్తే చాలు. బస్సులో కొవ్వూరు వచ్చేదాకా ఆ వాక్యాన్ని మనసులో దిద్దుకుంటూనే ఉంది. వంతెన దాటి ఇంటికొచ్చాక చూసింది చూసినట్టు రాసింది.

"వీరవేణి చెప్పింది అక్షరాలా నిజం సార్" అంది మర్నాడు గైడు గదిలో.

"అయితే ఇద్దరి పేర్లతో పేపర్ వేద్దాం" అన్నారాయన.

వీరవేణి అక్కడే ఉంది. "వద్దండి సార్. ఎవరిది వాళ్లు రాసుకుంటాం. పిన్ని సంగతి నా పేపర్లో నేనే రాస్తాను."

వరండాలో శ్రీసుధ ఆమెని ఆపింది. "సార్‌కి నేనే చెప్పాను వేణీ. నిన్ను చూసి ఓర్వలేకపోయాను."

"తెలుసండి. ఆ మాట మీ ఒక్కరికే చెప్పాను" అని వీరవేణి మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఏడు నెలలకి వీరవేణి వ్యాసం అచ్చయింది. శ్రీసుధ లైబ్రరీలో ముందు చివరి పేజీ తిప్పింది. కృతజ్ఞతల్లో తన పేరు ఇంటిపేరుతో సహా ఉంది, వార్డుల లెక్కలు సేకరించినందుకు. తానే రాసి ఉంటే వీరవేణి పేరు వదిలేసి ఉండేదని ఆమెకి తెలుసు. అది తెలిశాక, ఆ పిల్ల మీద అసూయ ఇంకాస్త పెరిగింది.