పిలిస్తే పలకని అభ్యర్థి

ఇంటర్వ్యూ గది గుమ్మంలో నిలబడి బంట్రోతు ముప్పై ఏళ్లుగా అభ్యర్థుల్ని పిలుస్తున్నాడు. లోపలి పెద్దమనుషులు పొద్దున్నే మార్కులు వేసేసుకుని, తర్వాత తీరిగ్గా ప్రశ్నలడుగుతారని అతనికి తెలుసు. ఆ తంతు చూస్తే ఒళ్లు మండిపోయేది.

ఆ రోజు ఛైర్మన్‌గారి మేనల్లుడిని మూడుసార్లు కేకేశాడు. ఎవరూ పలకలేదు. లోపలికెళ్లి, "అబ్బాయిగారు రాలేదండీ" అన్నాడు.

ఛైర్మన్ మార్కుల కాగితం బల్లమీద పరిచి చూసుకున్నాడు; ఎదురుగా నిలబడ్డ బంట్రోతుకూ అది కనిపించింది. మేనల్లుడికి యాభైకి నలభై ఎనిమిది అప్పుడే సిరాతో వేసేసి ఉన్నాయి. కొట్టేస్తే పై ఆఫీసుకు సంజాయిషీ రాసుకోవాలి.

"వచ్చి వెళ్లాడుగా! నువ్వే నిద్రపోయుంటావు" అని గదమాయించాడు.

పక్క కుర్చీలోని బోర్డు మెంబరు మేడమ్, "జవాబులు భలే చక్కగా చెప్పాడు కూడా" అని వత్తాసు పలికింది.

బంట్రోతు చేతులు కట్టుకున్నాడు. "అంత చక్కగా చెబితే ఆ రెండు మార్కులూ ఎందుకు కోసేశారండీ, పాపం?"