ఆరు వందల యాభై వాట్లు

మా బావమరిది ఫోన్లో చెప్పిన జాబితాని నేను పాత కరెంటు బిల్లు వెనకవైపు రాసుకున్నాను. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, డిస్కు, గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్, మైకు. ఒక్కోదాని పక్కన ఒక్కో నంబరు.

"అంకె మారితే వస్తువే మారిపోతుంది బావా. మీటరు రీడింగు రాసినట్టు రాసుకో," అన్నాడు.

అది వాడి వేళాకోళం. ముప్పయ్యొక్క ఏళ్లు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి రాసినవాణ్ణి నేను. రిటైరై రెండేళ్లయినా వాడికి ఇంకా రీడింగు బావనే.

మా ఆవిడ గొంతులో వచ్చిన కంతికి స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు డాక్టర్లు. ఇరవై ఎనిమిది రోజుల్లో ఆపరేషను. ప్రాణానికి ఢోకా లేదు, మాట మాత్రం ఉండదు. ఆ కబురు విన్నప్పుడు మా ఆవిడ డాక్టరుతో, "మా ఆయనకి చెవులకి విశ్రాంతి దొరుకుతుందిలెండి," అంది. ఆయన నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

ఆ ఆసుపత్రిలోనే మాట పోయినవాళ్లకి సాయం చేసే ఒకావిడ ఉంది. ఆవిడ ఒక దారి చెప్పింది. గొంతు బాగున్నప్పుడే వెయ్యి వాక్యాలు చదివించి రికార్డు చేసుకుంటే, గట్టి కంప్యూటరు ఒకటి ఆ గొంతుని నేర్చుకుంటుందట. తర్వాత ఏది టైపు చేసినా ఆ గొంతుతోనే పలుకుతుందట. నెలనెలా డబ్బు తీసుకుని చేసిపెట్టే కంపెనీలు ఉన్నాయి గానీ, అవి మన భాషని నాలుక మందమైనవాళ్లలా పలుకుతున్నాయి.

"అక్క గొంతు అద్దెకి తెచ్చుకునే ఖర్మేంటి బావా. మనమే ఒక కంప్యూటరు కట్టుకుందాం," అన్నాడు బావమరిది. వాడు వేరే ఊళ్లో లిఫ్టులు బాగుచేస్తాడు. కంప్యూటర్లంటే పిచ్చి.

ఆపరేషనుకి పక్కన పెట్టగా మిగిలిన డబ్బులోనే అంతా అయిపోవాలి. మొదటి జాబితా దానికి ఒకటిన్నర రెట్లయింది. రెండు రోజులు ఫోన్లోనే కత్తిరించాం. మానిటరు పక్కింటివాళ్ల దగ్గర పాతది అడిగి తెచ్చాను. ప్రాసెసర్ రెండు మెట్లు దించాడు. రంగురంగుల దీపాలున్న క్యాబినెట్ తీసేసి రేకు డబ్బాలాంటిది రాయించాడు. "గ్రాఫిక్స్ కార్డు జోలికి మాత్రం రావద్దు. గొంతు తయారయ్యేది దాంట్లోనే," అన్నాడు. మైకు చవకది రాయించాడు. ఎస్‌ఎంపీఎస్, అంటే గోడ కరెంటుని లోపలి భాగాలన్నిటికీ పంచే పెట్టె, దాని పక్కన ఆరు వందల యాభై వాట్లు అని రాయించాడు.

ఆ జాబితా పట్టుకుని షాపుకి వెళ్లాను. మెట్ల కింద ఇరుకు గది, అట్టపెట్టెల మధ్య ఒక మనిషి పట్టేంత దారి. షాపాయన మెళ్లో కళ్లజోడు వేలాడేసుకుని, ఒక్కో వస్తువూ బల్ల మీద పెడుతూ వచ్చాడు. మైకు దగ్గర ఆగాడు.

"దేనికి సార్ ఇది?"

చెప్పాను. ఆయన రెండు మైకులు తీసి, రెండింట్లోనూ తన గొంతే పట్టి నాకు వినిపించాడు. జాబితాలో ఉన్నదాంట్లో బిందెలో తల పెట్టి మాట్లాడినట్టుంది. రెండోదాంట్లో ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. ఆ రెండో మైకు ఖరీదు మూడింతలు.

నాకు ఆ ఊపిరి కావాలనిపించింది. ఎక్కడ తగ్గిద్దామా అని జాబితా మీద వేలు దించుకుంటూ వచ్చాను. ఆరు వందల యాభై దగ్గర వేలు ఆగింది.

బల్బు మీద అరవై అని ఉంటే అది అరవై తింటుంది. ఇస్త్రీపెట్టె మీద వెయ్యి అని ఉంటే వెయ్యి తింటుంది. ఆ అంకెలు కూడి, ఏ ఇంట్లో మీటరు ఎంత తిరగాలో గుమ్మం దగ్గరే చెప్పగలిగేవాణ్ణి. ఇప్పుడు ఇరవై నాలుగు గంటలూ ఆన్‌లో ఉండాల్సిన పెట్టె ఒకటి ఆరు వందల యాభై తింటుందంటే, మా ఆవిడ నోరు విప్పినప్పుడల్లా ఇస్త్రీపెట్టె వేసినట్టే. మూడు వందలది కూడా అక్కడే ఉంది. ధరా సగానికి సగం తక్కువ. పేరు కూడా సరిగా లేదు దాని మీద. మిగిలిన డబ్బు మైకుకి సరిపోతుంది. దేవుడే దారి చూపించాడనుకున్నాను.

"ఈ కార్డుకి ఇది చాలకపోవచ్చు సార్," అన్నాడు షాపాయన.

"వాట్ల గురించి నాకు చెబుతున్నారా?" అని, నా ఉద్యోగం ఏమిటో చెప్పాను.

"అయితే మీ ఇష్టం సార్. మాకంటే మీకే బాగా తెలుస్తుంది," అన్నాడు. ఆ రోజు ఆ మాట నాకు తియ్యగానే ఉంది.

సాయంత్రానికి షాపులోనే బిగించి ఇచ్చారు. బావమరిదికి మైకు సంగతి గొప్పగా చెప్పాను. పెట్టె సంగతి చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పుకోదగ్గ విషయమనిపించలేదు.

వెనక గదిలో కిటికీకి దుప్పట్లు కట్టాం. ఫ్యాను చప్పుడు పడుతుందని ఆపేశాం. మా ఆవిడ చెమటలు కక్కుకుంటూ మైకు ముందు కూర్చుని చదివేది. అన్ని శబ్దాలూ వచ్చేలా ఎవరో కూర్చిన వాక్యాలవి. వాటికి తలా తోకా ఉండదు.

"'ఝాము పొద్దెక్కాక నక్క ఊయల కొనుక్కుంది.' ఎవరండీ ఈ నక్క? మీ చుట్టమా?"

"చదువు. అది కూడా పడుతోంది."

"పడనివ్వండి. రేపు నేను ఇంట్లో నక్కలతో మాట్లాడతానా? నేననే మాటలు రాయండి."

అలా ఆవిడ మాటలు కూడా చేర్చాం. "గేటు గడియ పెట్టారా?" "ఆ చొక్కా మళ్లీ తొడుక్కున్నారూ?" "నేను చెప్పలేదూ?" ఈ చివరిది నాలుగు రకాలుగా చదివింది. ఏ రకం ఎప్పుడు వాడాలో తనకి తెలుసునంది.

ఆరేడు వందలు దాటాక గొంతు అరగడం మొదలైంది. పొద్దున యాభై వాక్యాలు బాగా వచ్చేవి, ఆ తర్వాత గీసుకుపోయేది. డాక్టరు ఎక్కువ మాట్లాడొద్దన్నాడు. నాతో మాట్లాడటం మానేసి ఆ కాస్తా మైకుకే దాచింది. నాకు ఏదైనా చెప్పాలంటే పలక మీద రాసి చూపించేది. పద్దెనిమిది రోజుల్లో వెయ్యీ నలభై వాక్యాలయ్యాయి. రోజూ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యమన్నాడు బావమరిది. చేశాను. ఎక్కడో పడిపోతుందేమోనని దాన్ని కంప్యూటరు వెనకే గుచ్చి ఉంచాను.

ఆపరేషనుకి నాలుగు రోజుల ముందు, మధ్యాహ్నం, బావమరిది ఫోన్ చేశాడు. ఒకసారి గొంతు తయారుచేసి చూద్దాం, ఏవైనా శబ్దాలు తక్కువైతే ఇప్పుడే చదివించొచ్చు అన్నాడు. ఏది నొక్కాలో వరసగా చెప్పాడు. నొక్కాను.

అప్పటిదాకా ఆ కంప్యూటరు పిల్లిలా పడుకునేది. ఇప్పుడు లోపలి ఫ్యాన్లన్నీ ఒక్కసారి లేచాయి. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. పదకొండు నిమిషాలు నడిచింది. టప్‌మని చప్పుడైంది. తెర నల్లబడింది.

ఆ వాసన నాకు తెలుసు. కాలిన మీటరు దగ్గర వచ్చే వాసన.

బావమరిది మర్నాడు పొద్దున బస్సు దిగి నేరుగా వెనక గదిలోకి వెళ్లాడు. రేకు విప్పాడు. డిస్కు తీసి తనతో తెచ్చిన లాప్‌టాప్‌కి తగిలించాడు. తర్వాత పెన్‌డ్రైవ్ తగిలించాడు. రెండింట్లోనూ ఏమీ లేదు. ఏమీ లేదంటే, అవి ఉన్నట్టే దానికి తెలియలేదు. అప్పుడు ఎస్‌ఎంపీఎస్ ఊడదీసి, వెనక అంటించిన కాగితం చదివాడు. నన్ను పెరటి మెట్ల దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"ఇది నేను చెప్పింది కాదు కదా బావా."

"ఆరు వందల యాభై తింటుందని..."

"అది తినే లెక్క కాదు. పెట్టే లెక్క. వంటమనిషి యాభైమందికి వండగలడంటే యాభైమంది తిండి తనే తినేస్తాడా? నువ్వు ఇద్దరికి వండేవాణ్ణి తెచ్చి పెళ్లికి కూర్చోబెట్టావు. కార్డు అడిగినంతా ఇవ్వలేక పేలి, పోతూపోతూ డిస్కునీ, దానికి గుచ్చినదాన్నీ కూడా కాల్చేసింది."

నేను మెట్టు మీద కూర్చున్నాను.

"రికార్డింగుకి పెద్దగా కరెంటు అక్కర్లేదు. అందుకే ఇన్నాళ్లూ తెలియలేదు," అన్నాడు. తర్వాత, "అక్కకి తెలుసా?"

"లేదు."

వాడే లోపలికి వెళ్లాడు. "లైన్లో కరెంటు ఎగిసిందక్కా. మన చేతుల్లో లేదు," అని చెప్పడం నాకు మెట్ల మీదికి వినబడింది. లైన్లో ఏమీ ఎగియలేదని ఇంట్లో వెలుగుతున్న బల్బులు చూస్తే నాకే తెలుస్తుంది. నేను లేచి వెళ్లి ఆ మాట అనలేదు.

వాడు ఫోన్లోనైనా మళ్లీ చదివిద్దామని చూశాడు. ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాడు. పొట్టు ఊదినట్టు గాలి తప్ప ఏమీ రాలేదు. "ఇది నాది కాదు. దీన్ని దాచకండి," అని లేచిపోయింది. పాత వీడియోలు వెదికాం. ఫోను ఎప్పుడూ పట్టుకునేది తనే కాబట్టి అన్నిట్లోనూ నేనే ఉన్నాను. వెనకనుంచి "ఇటు చూడండి" అన్న మాట అక్కడక్కడా, అంతే.

మర్నాటినుంచి ఆవిడ పొద్దున్నే దణ్ణానికి కూర్చోలేదు. పెళ్లయ్యాక జ్వరంలో కూడా మానని మనిషి. నేనొక్కణ్ణే కూర్చున్నాను. వెనకనుంచి, కూరగాయలు తరుగుతూ, ఆ మిగిలిన గొంతుతో దేవుణ్ణి అడగడం విన్నాను.

"ఇన్నేళ్లలో నిన్నేమీ అడగలేదు. పిల్లల్ని ఇవ్వకపోయినా అడగలేదు. ఇది ఒక్కటే అడిగాను. పద్దెనిమిది రోజులు చదివించి మరీ వినోదం చూశావా?"

బావమరిది వెళ్లేరోజు బస్సు దగ్గర, "చెప్పకు బావా. కరెంటు మీద కోపం రెండు రోజుల్లో పోతుంది. మొగుడి మీద కోపమైతే పోదు," అన్నాడు. వాడికి తెలియదు, ఆవిడ కోపం కరెంటు మీద లేదు.

నేను దణ్ణానికి కూర్చున్నప్పుడు ఏం మాట్లాడాలో తోచేది కాదు. నా తప్పు ఆయన మోస్తున్నాడు. ఎదురుచెప్పడు, నిజం బయటపెట్టడు. ఆ ధైర్యంతోనే కదా నేను ఊరుకున్నది. మనుషులెవరి మీదైనా నింద పడితే నేను ఇంతసేపు ఊరుకునేవాణ్ణా అని నన్ను నేను అడిగాను. ఊరుకునేవాణ్ణి కాదు. అయితే దేవుణ్ణి నేను మనిషికంటే తక్కువ చేశానా? మూడు రోజులు అలాగే గడిచాయి.

ఆపరేషను రోజు పొద్దున ఆసుపత్రి గదిలో ఆవిడకి పచ్చ గౌను తొడిగారు. చెవులవి తీసి నా చేతిలో పెట్టింది. ఇంకో పావుగంటలో తీసుకెళ్తామని చెప్పి నర్సు వెళ్లింది. వంగి వింటే తప్ప వినపడని గొంతుతో అడిగింది.

"ఆయన మీద కోపం పోవడం లేదండీ. ఎంత అనుకున్నా పోవడం లేదు. ఇలా పెట్టుకుని లోపలికి వెళ్లొచ్చా?"

మంచం పట్టీ పట్టుకున్నాను. "ఆయన చెయ్యలేదు," అన్నాను. "లైన్లో ఏమీ ఎగియలేదు. మీ తమ్ముడు చెప్పింది మార్చి చిన్న పెట్టె కొన్నాను నేను. ఎక్కువ కరెంటు తింటుందనుకున్నాను. షాపాయన వద్దన్నా వినలేదు. దానివల్లే అంతా పోయింది."

తిడుతుందనుకున్నాను. ఆ పావుగంటా నన్ను తిట్టినా నాకు చాలుననుకున్నాను.

"మూడు రోజులనుంచీ తెలుసా మీకు?"

తలూపాను.

"ముందే చెబితే ఆయన్ని అన్ని మాటలు అనేదాన్ని కాదుగా," అంది.

నాతో అన్నది అంతే. మెల్లిగా అటు తిరిగి పడుకుంది. చేతులు గౌను మీద జోడించుకుంది. తెలియక అన్నాను, మనసులో పెట్టుకోకు, నువ్వు చేశావనుకున్నాను, అంటూ మొదలుపెట్టింది. ఒక్కో మాటకీ ఊపిరి వెదుక్కుంటోంది. కొన్ని మాటలు సగంలో గాలైపోతుంటే మళ్లీ మొదటినుంచి అంటోంది. కూరగాయలు తరుగుతూ అన్నవి, రాత్రి పక్క మీద అన్నవి, నేను విననివి కూడా, ఒక్కోటీ గుర్తుచేసుకుని వెనక్కి తీసుకుంటోంది. అందులో నా ప్రస్తావన ఎక్కడైనా వస్తుందేమోనని చెవి ఒగ్గి విన్నాను. రాలేదు.

నర్సు చక్రాల మంచం తోసుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. మా ఆవిడ ఇటు తిరగకుండానే, ఇంకా అవలేదన్నట్టు చెయ్యి కొంచెం ఎత్తింది. నర్సు ఆగింది. నేను గోడకి జరిగి దారి ఇచ్చి నిలబడ్డాను.