వెలికో పులుపు వైద్యం

వెలికోకి షుగరుందని తేలిన రోజు, ఆయన కన్నా భార్య రుమ్యానాయే ఎక్కువ బెంగపడింది. రదోమిర్ పట్టణంలో ఏళ్ల తరబడి బస్సు నడిపి రిటైరైన వెలికో మాత్రం డాక్టరు మిలేవా మాటల్లోంచి తనకు నచ్చిన ముక్క ఒక్కటే ఏరుకుని ఇంటికొచ్చాడు.

"విన్నావా? పులిసినవి తింటే మంచిదట!"

"నేనూ పక్కనే ఉన్నాగా. మాత్రలు మానొద్దంది, తీపి తగ్గించమంది. అది వినపడలేదా?"

"అది తర్వాత చూద్దాంలే."

మర్నాటి నుంచి పొద్దున్నే బోజా తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. చిరుధాన్యాలు పులియబెట్టి చేసే ఆ చిక్కటి పానీయం పులిసిందే, కాదనలేం. కానీ అందులో పంచదార దండిగా పడుతుంది. రుమ్యానా గొణిగితే, "వైద్యం మధ్యలో ఆపకూడదే" అని గ్లాసెత్తేవాడు.

తర్వాతి పరీక్షలో షుగరు అమాంతం పెరిగింది.

"ఏం తింటున్నారు వెలికో గారూ?" అంది డాక్టరు.

"మీరు చెప్పినవేనమ్మా. అన్నీ పులిసినవే."

రుమ్యానా ఇక ఆగలేకపోయింది. "బోజా తాగుతున్నాడు డాక్టరమ్మా! సీసాలకు సీసాలు!"

డాక్టరు పకపకా నవ్వి, వెంటనే ముఖం సీరియస్‌గా పెట్టింది. "నేను చెప్పింది చప్పటి పెరుగు, ఉప్పునీళ్లలో పులియబెట్టిన క్యాబేజీ. అవైనా మాత్రలకు తోడే, బదులు కాదు. కొందరికి కాస్త మేలు చేయొచ్చు, అంతే. క్యాబేజీలో ఉప్పు ఎక్కువ, మితంగా తినండి."

అది శరదృతువు. ఊరంతా పీపాల్లో క్యాబేజీ ఊరవేసుకుంటోంది. రుమ్యానా కూడా అపార్ట్‌మెంట్ నేలమాళిగలో పీపా నింపింది. "రోజూ కిందికి దిగి, అడుగు నుంచి ఉప్పునీళ్లు తీసి పైన పొయ్యడం నీ పని" అని భర్తకు అప్పగించింది. మొదట ఆయన మెట్లెక్కుతూ రొప్పాడు, తిట్టుకున్నాడు. తర్వాత్తర్వాత ఆ పీపా మీద చంటిబిడ్డ మీదున్నంత మమకారం పుట్టింది. "ఇవాళ రంగు తేరింది చూడవే!" అంటూ ఆ నీళ్లు గ్లాసులో పట్టుకొచ్చి చూపించేవాడు. రాత్రి చిక్కుడు గింజల కూరలోకి కాస్త క్యాబేజీ, గిన్నెడు పెరుగు. మాత్రలు మాత్రం రుమ్యానా తన చేత్తోనే ఇచ్చేది.

వసంతంలో ఫలితం చూసి డాక్టరు తలాడించింది. "బాగా దిగింది!"

"చెప్పానా, క్యాబేజీ మహిమ!" అన్నాడు వెలికో.

"మెట్ల మహిమ" అంది రుమ్యానా.

"నా మాత్రలకు కూడా కాస్త పేరివ్వండి" అంది డాక్టరు.

ఆసుపత్రి గుమ్మం దాటేసరికి రుమ్యానాకి గుండెల మీది బరువు దిగింది. బస్సు ఎదురుగా ఆగి ఉన్నా ఇద్దరూ ఎక్కలేదు. చేయీ చేయీ పట్టుకుని, గొప్ప క్యాబేజీదో మెట్లదో తేల్చుకుంటూ ఇంటిదాకా నడిచారు.