ఆకుపచ్చ గీత

ఆ ఇంట్లో ఏ వస్తువునైనా బాగుచేసే హక్కు నాన్నగారిదే. పాడుచేసిన నేరం మాత్రం మిగతావాళ్ళది. ముప్పై ఏళ్ళు బడిలో రేఖాగణితం చెప్పి రిటైరైన మనిషి కాబట్టి, తన చేతిలో స్పానరు పడితే తిరుగులేదని ఆయన నమ్మకం. బిగించిన ప్రతి నట్టు మీదా సన్నని కుంచెతో ఓ ఆకుపచ్చ గీత గీస్తారు. ఫ్యాను, మిక్సీ, గేటు, అమ్మ కుట్టుమిషను, అన్నిటికీ ఆ గీత ఉంది. వాటిలో సగం ఇప్పుడు పనిచేయవు.

కారు మాత్రం ఇంకా తిరుగుతోంది. వయసులో కూతురి కంటే రెండేళ్ళే చిన్నది. ఆ కారులోనే కూతురు ఇల్లిల్లూ తిరిగి, పక్షవాతం వచ్చినవాళ్ళకు కాళ్ళూ చేతులూ ఆడించడం మళ్ళీ నేర్పుతుంది. మూడు వారాల కిందట నాన్నగారు ముందు టైర్ల లోపలి అంచులు చూశారు. ఎవరో కూర్చుని ఆకురాయితో అరగదీసినట్టున్నాయి. విచారణ లేదు, సాక్షులు లేరు, తీర్పు మాత్రం అక్కడికక్కడే వచ్చేసింది.

"మలుపుల్లో కారును దూకిస్తున్నావు. నీకు బ్రేకు నొక్కడం కూడా రాదు. తాళం ఇలా ఇవ్వు."

అప్పటినుంచి తాళం ఆయన చొక్కా జేబులోనే ఉంది. కూతురు బస్సుల్లో వేలాడుతూ ప్రతి ఇంటికీ ఆలస్యంగా చేరుతోంది. సోమవారం నాటికి బండి ఉంటే సరి, లేకపోతే నీ రోగులను ఇంకొకరికి అప్పగిస్తామని ఆమెను పంపే క్లినిక్ వాళ్ళు చెప్పేశారు. ఎనిమిది నెలలు అవస్థపడి ఇప్పుడిప్పుడే గ్లాసు పట్టుకుంటున్న ఒక పెద్దాయన ఆమె కళ్ళముందు మెదిలాడు. ఆయన్ను వదులుకోవడం ఆమె వల్ల కాలేదు.

"మెకానిక్ దగ్గరికి వెళ్దాం నాన్నా. తప్పు నాదేనంటే మళ్ళీ తాళం అడగను," అంది.

శనివారం పొద్దున్నే నాన్నగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, సన్మానానికి పిలిచినట్టు బయలుదేరారు.

ఆ మెకానిక్‌ను అందరూ నిదానం అంటారు. ఆయన ముందు టైరు మీద అరచేత్తో లోపలికి ఓసారి, బయటికి ఓసారి నిమిరాడు. ఒకవైపు నున్నగా జారింది, ఇంకోవైపు రంపంలా గీరుకుంది.

"అమ్మాయి మలుపుల్లో తొందరపడితే బయటి అంచులు అరగాలి మాస్టారూ. ఇవి లోపల అరిగాయి. చక్రాలు రెండూ చెరో పక్కకు చూస్తున్నాయి."

"చూడవూ మరి! నడిపేవాళ్ళు ఎటు చూస్తే అవీ అటే," అన్నారు నాన్నగారు.

నిదానం తాళం కోసం చెయ్యి చాపాడు. కారు తీసుకెళ్ళి, షెడ్డు వెనక ఖాళీ స్థలంలో పదిసార్లు బ్రేకు కొట్టి వచ్చాడు. కొట్టిన ప్రతిసారీ కారు ఎడమకు లాగింది. దిగి ముందు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. ఎడమది కాలుతోంది. కుడిది చల్లగా ఉంది.

"కుడి బ్రేకులో పిస్టన్ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. అది పట్టట్లేదు. బరువంతా ఎడమదే మోస్తోంది. పాత బండికి మామూలే." తర్వాత కారు కిందికి దూరాడు. కాసేపటికి లోపలినుంచే అడిగాడు. "చక్రాలను అలా పక్కకు తిప్పింది ఈ స్టీరింగు రాడ్డే. దీన్ని ఎవరు తిప్పారు? ఈ నట్టు మీద ఆకుపచ్చ గీత ఉందేంటి?"

నాన్నగారు షెడ్డు కప్పు రేకులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

కూతురికి ఒళ్ళు మండిపోయింది. "నువ్వు తిప్పి, నా మీద తోశావా నాన్నా? మూడు వారాలు నన్ను బస్సుల వెంట పరిగెత్తించావు!"

"టైర్లు దానివల్ల అరుగుతాయని నాకేం తెలుసు?" అన్నారాయన. గొంతులో మాస్టారు లేడు. "ఎప్పుడైనా నేను నడిపితే, బ్రేకు వేసినప్పుడల్లా ఎడమకు పోతోంది. కుడికి తిప్పి పట్టలేకపోతున్నాను. కుడిచెయ్యి పడిపోతోందేమో అనుకున్నాను. రాడ్డు కాస్త తిప్పితే ఎవరికీ తెలియకుండా సర్దుకుంటుందని..."

"నాకు చెప్పాలిగా!"

"నీకు ఎలా చెప్పను తల్లీ? నీ చేతిలో ఉన్న పేషెంట్లు చాలరా?"

ఆమె కోపం ఎటు పోయిందో పోయింది. ఊళ్ళోవాళ్ళ చేతులన్నీ పట్టి చూసే తను, ఇంట్లో ఈ చెయ్యి ఎన్నాళ్ళయింది పట్టుకుని! సిగ్గేసింది, భయమేసింది. తన రెండు వేళ్ళు ఆయన కుడి అరచేతిలో పెట్టింది.

"నొక్కు."

నాన్నగారు నొక్కారు.

"అమ్మా! చాలు, చాలు. వదులు నాన్నా, విరిగిపోతాయి."

"అయితే... నా చెయ్యి కాదా?" అన్నారాయన నమ్మలేనట్టు.

"కాదు. కుడి బ్రేకు."

ఆయన తన అరచేతిని ఇటూ అటూ తిప్పి చాలాసేపు చూసుకున్నారు. కళ్ళు తడిశాయి. షెడ్డులో దుమ్ము ఎక్కువైందని నిదానాన్ని విసుక్కున్నారు.

సాయంత్రానికి పిస్టన్ మారింది, చక్రాలు రెండూ ఒకే వైపు చూశాయి. నాన్నగారు జేబులోంచి రంగు సీసా, కుంచె తీశారు. కూతురు వాటివైపు ఓ చూపు చూసింది. ఆయన రెండూ నిదానం చేతిలో పెట్టి, కుడిచేత్తోనే తాళం తీసి ఆమెకిచ్చారు. తనే వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నారు.

మొదటి సిగ్నల్ దగ్గర ఆమె బ్రేకు నొక్కింది. కారు గీత గీసినట్టు తిన్నగా ఆగింది.

"నేను దగ్గరుండి నేర్పాను కాబట్టి," అన్నారు నాన్నగారు, "ఇన్నాళ్ళకు బ్రేకు నొక్కడం వచ్చింది."