దానమ్మ పడవలో నాలుగు గొట్టాలు

నేను ఒక ఇనప స్టాండుని. చిన్న పడవలో గాలం కర్రలు నిలబెట్టుకోవడానికి చేయించిన స్టాండుని. నాలుగు గొట్టాలు, వాటిని కలిపి పట్టుకున్న రెండు పట్టీలు, అంతే నా ఒళ్ళు. మొదట్లో నేను ఇలా లేను. ఒక వీధి బోరింగు అడుగున నీళ్ళు మోసే పొడుగాటి గొట్టంగా ఉండేదాన్ని. బోరు ఎండిపోయాక నన్ను పైకి లాగి పాత ఇనప సామాన్ల కొట్లో పడేశారు. భూమిలో నీళ్ళు లేకపోవడం నా తప్పు కాదు. అయినా గెంటింది మాత్రం నన్నే. మనుషుల న్యాయం ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది అప్పుడే.

వెల్డింగు షాపు మస్తాను నన్ను కొనుక్కొచ్చి, గిర్రున తిరిగే చక్రం కింద పెట్టి ముక్కలు కోశాడు. నిప్పురవ్వలు వాకిటి దాకా ఎగిరాయి. ఎదురుగా ఒకావిడ చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. దూరం జరగమన్నా జరగలేదు. రాళ్ళపేట అనే జాలరిపేట నుంచి వచ్చిన దానమ్మ ఆమె.

"గొట్టాలు తిన్నగా పెట్టకు బాబూ, బయటికి వొరిగినట్టు అతికించు," అంది. "అడుగున అడ్డంగా ఓ కమ్మీ ఎయ్యి. కర్ర మొదలు దాని మీద కూకోవాల. సేప ఎంత గుంజినా కర్ర తిరిగిపోకూడదు."

"ఇంత గట్టిగా దేనికమ్మా? మీ ఆయన చేత్తో పట్టుకోడా?"

"ఉన్నది ఒక్క సెయ్యి. దాంతో రీలు తిప్పాల. ఇంక కర్ర ఎవులు పట్టుకుంతారు?"

మస్తాను ఆమె చెప్పినట్టే గొట్టాలు వొరగబెట్టి అతికించాడు. నాకు మరో వరస అతుకు ఎక్కువే వేశాడు.

ఆమె మొగుడు కొర్లయ్య. అతని కుడిచెయ్యి మణికట్టు పైన ఆగిపోయి ఉండేది. దానమ్మ తమ్ముడు ఎర్రన్న, కొర్లయ్య కలిసి ఒకప్పుడు తూటాల వేటకి వెళ్ళేవారు. చేపల గుంపు కనిపించగానే మందుగుండు పొట్లానికి ఒత్తి వెలిగించి నీళ్ళలోకి విసరడం, చచ్చి తేలినవాటిని ఏరుకోవడం. వలా అక్కర్లేదు, ఓపికా అక్కర్లేదు. ఒకరోజు ఎర్రన్న కోసిచ్చిన ఒత్తి పొట్టిదైంది. పొట్లం కొర్లయ్య చేతిలోనే పేలింది. బావని భుజాన వేసుకుని ఇసకలో పరిగెత్తుకొచ్చినవాడూ ఎర్రన్నే, ఆస్పత్రి గుమ్మంలో తల బాదుకుని ఏడ్చినవాడూ ఎర్రన్నే. కొర్లయ్య ఆ రోజుతో తూటా మానేశాడు. ఎర్రన్న మానలేదు. ఒత్తులు కాస్త పొడుగ్గా కోయడం మాత్రం నేర్చుకున్నాడు.

ఒంటిచెయ్యివాణ్ణి ఏ పడవవాడూ ఎక్కించుకోలేదు. వల లాగలేడు, గాలం దారం ఒక్క చేత్తో పైకి తేలేడు. ఏడాదిపాటు గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళ మీద అరుస్తూ గడిపాడు. ఒకసారి అన్నం పళ్ళెం దానమ్మ మొహాన విసిరాడు. ఆ మర్నాడే ఆమె హార్బరుకి వెళ్ళి, సరదాకి చేపలు పట్టే ఎవరో దొర వాడి వదిలేసిన నాలుగు కర్రలు, రీళ్ళతో సహా పట్టుకొచ్చింది. ఆ తరవాతే మస్తాను దగ్గరికి వచ్చింది. నా పుట్టుక వెనక ఉన్నది ఆ పళ్ళెం దెబ్బ.

నన్ను పడవకి బిగించడం ఒక్క రోజులో తేలిన పని కాదు. పడవ చిన్నది, ఫైబరుది. ఇద్దరు మనుషులు, ఒక ఐసు పెట్టె, వెనక ఇంజను, అంతకు మించి పట్టదు. మొదట నన్ను ఇంజను పక్కన పెట్టారు. దారాలు ఇంజను పంకాకి చుట్టుకున్నాయి. పడవ ముక్కు దగ్గరికి మార్చారు. అల కొట్టినప్పుడల్లా కర్రలు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి, రీళ్ళలోకి ఉప్పునీరు దూరింది, పైగా ఒంటిచేత్తో కొర్లయ్య అంతదూరం పాకలేకపోయాడు. మూడోసారి పక్క అంచుకి స్క్రూలతో బిగించారు. అదే పెద్ద పొరపాటు.

ఆ రోజు నిలువెత్తు కోనాం చేప ఒకటి గాలాన్ని మింగి సముద్రంలోకి పారింది. కర్ర విల్లులా వంగింది. రీలు కీచుమంది. కొర్లయ్య పెద్ద కేక పెట్టి రీలు మీద చెయ్యి వేసేసరికి, ఫైబరు ముక్కతో సహా ఒక పక్క నా కాళ్ళు ఊడొచ్చాయి. రెండో పక్క ఇంకా అతుక్కుని ఉండడంతో గిర్రున తిరిగి అతని మొహం మీద పడ్డాను. రెండు పళ్ళు రాలి పడవలో పడ్డాయి. చేప కర్రని లాక్కుపోయింది. నా మీద పడ్డ మొదటి నెత్తురు నా యజమానిదే.

కొర్లయ్య నెత్తురు ఉమ్మి నన్ను తన్నాడు. "తీసి సముద్రంలో పారీ దీన్ని!"

"నిన్ను కొట్టింది అది కాదు, నాను బిగించిన స్క్రూలు," అంది దానమ్మ. "మూతి కడుక్కో."

ఈసారి ఆమె తొందరపడలేదు. పడవ మధ్యలో అడ్డంగా ఉండే బల్లకి తూట్లు వేయించి, కింద దళసరి టేకు చెక్క అడ్డంపెట్టి, పైనించి కిందికి పొడవాటి బోల్టులు దింపి నట్లు బిగించింది. గొట్టాల లోపల సైకిలు ట్యూబు ముక్కలు చుట్టింది, కర్రలు కదలకుండా. కొర్లయ్య కూర్చుని మొండిచేతిని నా పట్టీ మీద ఆనించుకుంటే ఎడమచేతికి రీలు సరిగ్గా అందింది. రెండు గొట్టాలు కుడికి, రెండు ఎడమకి. పోయిన కర్ర బదులు ఇంకొకటి తెచ్చింది. వేట లేనప్పుడు నాలుగు కర్రలూ నాలో నిలబడి ఉండేవి. ఒడ్డున పిల్లలు మా పడవని మీసాల పడవ అనేవారు.

ఆడది పడవెక్కితే గంగమ్మకి కోపం వస్తుందని పేట పెద్ద గరగయ్య గొడవ చేశాడు. "అయితే నీ కొడుకుని పంపీ మా ఆయనకి తోడు," అంది దానమ్మ. గరగయ్య కొడుకు ఎర్రన్న పడవలో తూటాలు మోసేవాడు. పేరు కామేసు. గరగయ్య గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. గంగమ్మ కోపం సంగతి మళ్ళీ ఎత్తలేదు.

తరవాత మంచి రోజులు వచ్చాయి. మంచివి అంటే మాకు. చేపలకి కాదు. నేను కర్రని పట్టుకునేదాన్ని, కొర్లయ్య రీలు తిప్పేవాడు, చేప పడవ పక్కకి రాగానే దానమ్మ కొక్కెం దవడలో గుచ్చి లోపలికి లాగి దుడ్డుకర్రతో తల మీద మోదేది. ఒక్క దెబ్బకి చావకపోతే రెండోది. చేపల నెత్తురు నా అతుకుల్లో ఎండి నల్లబడింది. ఆ ఇంట్లో మళ్ళీ పళ్ళేలు ఎగరలేదు. మనుషులకి ప్రశాంతత రావాలంటే ఎక్కడో ఏదో ఒకటి చావాలి కాబోలు అనుకునేదాన్ని.

ఒడ్డుకి దూరంగా నీటి అడుగున రాతిగుట్ట ఒకటి ఉంది. పెద్దబండ అంటారు. గాలాలవాళ్ళకి అదే పొలం. ఒక ఉదయం మేము అక్కడ నాలుగు దారాలూ వదిలి ఉండగా ఎర్రన్న చెక్కపడవ వచ్చింది. అందులో అతను, కామేసు ఇద్దరే.

"బావా, తప్పుకో," అని అరిచాడు ఎర్రన్న. "కింద పార సేపలు మందలకి మందలు దిగినాయి."

"కదల్ను. నువ్వు తూటా ఏసినావంటే ఈ బండ సచ్చిపోద్ది. పిల్ల సేప కూడా మిగల్దు."

"నీకు సెయ్యి పోయిందని ఊరందరూ గాలాలు ఎయ్యాలేటి?"

"ఒరే ఎర్రన్నా, ఎల్లిపోరా," అంది దానమ్మ. "నీ కాళ్ళు పట్టుకుంతాను."

వాళ్ళు మాట్లాడుతూ ఉండగానే కామేసు తూటా విసిరేశాడు. కాస్త దూరంలోనే పడింది. చప్పుడు పైకి పెద్దగా రాలేదు. కింద నించి ఎవరో సమ్మెటతో కొట్టినట్టు పడవ ఎగిరిపడింది. అడుగున చీలిక పడి నీళ్ళు ఊరడం మొదలుపెట్టాయి. చుట్టూ చేపలు పొట్టలు పగిలి, కళ్ళు వెళ్ళుకొచ్చి, తెల్లగా తేలాయి. వేలెడంత పిల్లలే ఎక్కువ.

కొర్లయ్య నాలోంచి ఒక కర్ర లాగాడు. చెక్కపడవ పక్కకి రాగానే దాన్ని ఎర్రన్న మొహం మీద కొరడాలా ఝుళిపించాడు. చెంప చీలింది. ఎర్రన్న తెడ్డు పట్టుకుని మా పడవలోకి దూకాడు. మొదటి దెబ్బ నా మీద పడింది. ముందున్న గొట్టం సొట్టపోయింది, రెండు కర్రలు విరిగాయి. దానమ్మ తమ్ముడి నడుం పట్టుకుని వేలాడింది. అతను ఆమెని ఐసు పెట్టె మీదికి తోసేశాడు. రెండో దెబ్బ కొర్లయ్య తల మీద పడింది.

టెంకాయ పగిలిన చప్పుడు. కొర్లయ్య నా కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఉన్న ఒక్క చేత్తో నా కింది పట్టీని పట్టుకున్నాడు. ఎర్రన్న తెడ్డు వైపు, బావ వైపు మార్చి మార్చి చూశాడు.

అక్కడ చెక్కపడవలో కామేసు రెండో పొట్లానికి నిప్పు పెట్టాడు. తేలినవి చాలవనుకున్నాడేమో. దానమ్మ పెట్టిన కేకకి ఇటు తిరిగాడు. అదే క్షణాన రెండు పడవల మధ్యకి పెద్ద అల దూరి వాటిని ఎడం చేసింది. కామేసు తూలాడు. పొట్లం చేతిలోంచి జారి మిగతావాటి మధ్యకి దొర్లింది. వంగి వెతుక్కుంటున్నాడు. దూకేస్తే బతికేవాడు.

ఆ తరవాత చెక్కపడవ లేదు. పలకలు, మేకులు, ఇనప ముక్కలు గాలిలో ఈల వేసుకుంటూ వచ్చాయి. నా రెండు గొట్టాలకి చిల్లులు పడ్డాయి. నిలబడి ఉన్న ఎర్రన్నకి ఒక కన్ను పోయింది, భుజం దగ్గర మాంసం లేచిపోయింది. నా వెనక పడి ఉన్న కొర్లయ్యకి, ఐసు పెట్టె చాటున ఉన్న దానమ్మకి ఒక్క ముక్క కూడా తగల్లేదు. తన బావని చంపడానికి మా పడవలోకి దూకకపోతే ఎర్రన్న ఆ పొట్లాల పక్కనే ఉండేవాడు.

"అప్పా! సచ్చిపోతన్నానే! కట్టవే అప్పా!" అని ఎర్రన్న అక్క కాళ్ళ దగ్గర పొర్లాడాడు. భుజం నించి నెత్తురు చిమ్ముతోంది. దానమ్మ చీర చింపి తమ్ముడి భుజానికి ముడి మీద ముడి వేసి బిగించింది. డబ్బాతో నీళ్ళు తోడింది. ఇంజను తాడు లాగింది, రెండోసారికి అందుకుంది. మొగుడి వైపు చూసి, "కాసేపు ఓర్సుకో, వొచ్చీసాం," అంది. అతను అరవడం లేదు కాబట్టి స్పృహ తప్పాడనుకుంది. అరిచేవాడినే ముందు చూసింది. ఎవరైనా అంతే చేస్తారు.

దారిలో, ఒడ్డు కనిపించక ముందే, నా పట్టీ మీద ఉన్న వేళ్ళు ఒక్కొక్కటే వదిలాయి. ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే. నాకు నోరు లేదు.

ఒడ్డున పేటంతా గుమిగూడింది. కొర్లయ్యని దించబోయిన మనిషి ఆగిపోయి తల అడ్డంగా ఊపాడు. దానమ్మ ఏడవలేదు. తన చేతులకంటిన తమ్ముడి నెత్తురు వైపు చూసింది. "నాను ఈడికి కట్టు కడతంటే ఆయన పక్కనే పోనాడా?" అంది.

ఎర్రన్నని ఆటోలో ఆస్పత్రికి పంపారు. పోలీసులు వచ్చేలోగా గరగయ్య ఆమె పక్కన కూర్చున్నాడు. వేరే పడవలో పెద్దబండ దాకా వెళ్ళి, కొడుకు ఒంటి ముక్కలు దొరికినన్ని గోనెసంచిలోకి ఎత్తుకుని అప్పుడే వచ్చాడు.

"అమ్మా దానమ్మా, జరిగిందేదో జరిగింది. తూటా పేలి ఇద్దరూ పోనారని సెప్పు. అందరూ నమ్ముతారు. నా కొడుకు ఎలాగూ లేడు, ఆడి మీదే పెట్టీ. మొగుడు పోనాడు, తమ్ముడినైనా దక్కించుకో."

ఆమె ఇసకని గుప్పిట్లోకి తీసుకుని వదిలింది.

"తూటాకి మా ఆయన సెయ్యే ఇచ్చినాడు మావా," అంది. "పేణం ఇవ్వలేదు. తలమీద తెడ్డుతో కొట్టినాడు నా తమ్ముడు. నాను సూసినాను. అదే సెప్తాను."

పేటలో సగం మంది ఆమెతో మాట్లాడడం మానేశారు. పడవని, నన్ను పోలీసులు పట్టుకుపోయారు.

కోర్టులో ఎర్రన్న తరఫు వకీలు నన్ను బల్ల మీద పెట్టించి, నా చిల్లుల్లో వేలు పెట్టి చూపించాడు. ఇంత మందమున్న ఇనుముని చీల్చిన పేలుడు మనిషి తలని వదులుతుందా అన్నాడు. అందరూ నా చిల్లులు చూశారు. నా మీద రెండు రకాల గాయాలున్నాయి. మనుషులు తమకి కావలసిన గాయాన్నే చూస్తారు.

దానమ్మ బోనులోంచి చెయ్యి చాపింది. "ఆ సొట్ట సూడండి బాబూ. సిల్లులు బాంబువి. సొట్ట తెడ్డుది. రెండో దెబ్బే మా ఆయనకి పడింది."

వకీలు ఏదో అనబోయాడు. ఎదురు బోనులో ఎర్రన్న కదిలాడు. ఒక కంటికి గుడ్డ కట్టి ఉంది.

"అప్ప సెప్పింది నిజిం," అన్నాడు. "నానే కొట్టినాను. బావ సెయ్యి కూడా నానే తీసినాను."

దానమ్మ అప్పుడు ఏడ్చింది. అంతకాలం దాచుకున్నదంతా ఏడ్చింది. నలుగురు పట్టుకున్నా ఆగలేదు.

ఎర్రన్నకి శిక్ష పడి కేసు ముగిశాక పడవని ఆమెకి అప్పగించారు. స్టేషను వెనక పెరట్లో నన్ను పడవ పక్కన దించి కానిస్టేబులు, "ఈ స్టాండు కూడా పట్టుకుపోతావా?" అని అడిగాడు. ఆమె నా కింది పట్టీని ఒకసారి తడిమింది. "వొద్దు బాబూ. ఆయన వేళ్ళు ఇంకా దాని మీదే ఉన్నాయి," అని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేను పట్టుబడిన మోటారు సైకిళ్ళ కింద, తుప్పు పట్టిన నాటుసారా డ్రమ్ముల పక్కన పడి ఉన్నాను. వేలంలో ఎవరైనా తూకానికి కొంటారు, మళ్ళీ కోస్తారు, మళ్ళీ కాలుస్తారు. నాకు దిగులు లేదు. కోతకి, నిప్పుకి అలవాటు పడ్డదాన్ని. మొన్న ఆ కానిస్టేబులు రాళ్ళపేట నించి చేప కొనుక్కొచ్చి, ఇంకొకడికి చెబుతున్నాడు. దానమ్మ మళ్ళీ వేటకి వెళుతోందట. కామేసు పెళ్ళాం పడవలో తోడు వెళుతోందట. ఒకామె ఇంజను దగ్గర, ఒకామె గాలాల దగ్గర. గరగయ్య ఒడ్డున నిలబడి పడవ తోస్తాడట.

ఆ మాట విన్నప్పటి నించీ నాకు ఒకటే ఆరాటం. కర్రలు ఎక్కడ పెట్టుకుంటున్నారో.